పదిహేడో నంబరు బ్యూరెట్

మా కాలేజీ లైబ్రరీకి తప్పకుండా వచ్చేవాళ్ళు ఇద్దరే. ఒకటి, వెంటిలేటర్లో కాపురం పెట్టిన పావురం. రెండు, కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్ లిదియా. పావురం పుస్తకాలను పాడుచేసేది, లిదియా చదివేది. రికార్డుల్లో మాత్రం ఇద్దరి పేర్లూ లేవు, ఎందుకంటే అటెండర్లకు పుస్తకాలివ్వాలన్న నియమం లేదు. నేనే ఇచ్చేవాణ్ణి. ఈ కథలో నేను చేసిన మంచి పని అదొక్కటే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

కాలేజీ పేరు చెప్పను. చెబితే ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడతారు, అది నేను తట్టుకోలేను. ఎల్లారెడ్డిలో ఉందని మాత్రం తెలుసుకుంటే చాలు. నా పేరు సంపత్, ఇరవై రెండేళ్ళుగా అక్కడ లైబ్రేరియన్ని. నా గదికీ కెమిస్ట్రీ ల్యాబుకీ మధ్య గడియ లేని తలుపొకటి ఉంది. గాలి వీస్తే అదే తెరుచుకుంటుంది. అందువల్ల కెమిస్ట్రీ నాకు రాకపోయినా దాని వాసనలన్నీ వచ్చు.

లిదియాది లింగంపేట. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఎస్తేర్ పక్కన కూర్చుని బీడీలు చుట్టింది. బీడీలు చుడుతూనే కామారెడ్డిలో ఇంటర్ చదివింది. ఇరవై ఏడేళ్ళ కింద అక్కడి ఒక కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష రాస్తుంటే ఆమెకిచ్చిన బ్యూరెట్ కారింది. మొదటిసారి ఇరవై ఒకటి, రెండోసారి ఇరవై నాలుగు, మూడోసారి ఇరవై రెండున్నర చూపించింది. ఏది రాయాలో తెలియక, తెల్ల కాగితం ఇచ్చి బయటికొచ్చేసింది. ఆ తర్వాత పెళ్ళి, మళ్ళీ బీడీలు, పంతొమ్మిదేళ్ళ కింద మా ల్యాబులో అటెండర్ ఉద్యోగం.

బ్యూరెట్ అంటే తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. లైబ్రేరియన్ చెప్పే సైన్సు, చూసి నమ్మండి. మూరెడు కంటే కొంచెం పొడుగున్న సన్నటి గాజు గొట్టం. ఒంటి నిండా గీతలు, కింద చిన్న గాజు నల్లా. ఆ నల్లాలో గాజు బిరడా తిరుగుతుంది. గొట్టంలో వంకాయ రంగు పర్మాంగనేట్ నింపి, కిందున్న ఫ్లాస్కులోకి చుక్క చుక్కగా వదలాలి. ఫ్లాస్కులోని నీళ్ళు లేత గులాబీ రంగుకు వచ్చి నిలిచిన క్షణాన ఆపి, ఎంత దిగిందో గీతల మీద చూసి రాయాలి. ఒక్క చుక్క ఎక్కువైతే గులాబీ కాస్తా బీట్‌రూట్ అవుతుంది. ఆ ఒక్క చుక్క దగ్గరే మా విద్యార్థుల తలరాతలు తేలేవి.

లిదియా చేతిలో ఆ చుక్క మాట వినేది. తునికాకు చినగకుండా తంబాకు చుట్టిన వేళ్ళు కదా. సెలవుల్లో కూడా వచ్చి బిరడాలకు వాజిలిన్ పట్టించేది. "ఎక్కువ రాస్తె బొక్క మూసుకుంటది, తక్కువ రాస్తె కారుతది," అని పిల్లలకు చెప్పేది. ఎడమ చెయ్యి నల్లా చుట్టూ పోనిచ్చి బిరడాను లోపలికి ఒత్తుకుంటూ తిప్పాలని, నింపాక గరాటు తీసేశాకే రీడింగ్ చూడాలని, నల్లా ముక్కు దగ్గర గాలిబుడగ ఉంటే లెక్కంతా అబద్ధమని, పర్మాంగనేట్ ముదురు రంగు కనక పై అంచే చూడాలని ఆమె చెబుతుంటే లెక్చరర్లు కూడా తల ఊపేవాళ్ళు. పనంతా లిదియాది. రిజిస్టర్లో సంతకం మాత్రం ల్యాబ్ అసిస్టెంటుది.

ఆ ల్యాబ్ అసిస్టెంట్ జూన్‌లో రిటైరవుతున్నాడు. ఆ పోస్టు లిదియాకు రావాలంటే ఇంటర్ పాసై ఉండాలి. లేకపోతే బయటివాళ్ళను తెచ్చుకుంటామని మేనేజ్‌మెంట్ చెప్పేసింది. ఆ వచ్చేవాడికి కూడా పని నేర్పాల్సింది లిదియానే అన్న సంగతి వాళ్ళకు తట్టలేదు. దాంతో నలభై నాలుగేళ్ళ వయసులో ఆమె ఓపెన్ ఇంటర్ కట్టింది. అన్నీ పాసైంది. మిగిలింది కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటే. ఓపెన్ ఇంటర్ వాళ్ళకు ప్రాక్టికల్స్ మా ల్యాబులోనే. అంటే తాను తుడిచిన బల్ల దగ్గర, తాను కడిగిన సామానుతో, తాను కలిపిన ద్రావణాలతో లిదియా పరీక్ష రాయాలి. ఇది విని మా స్టాఫ్ రూం అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ బ్యూరెట్ల సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళ కింద వాటిని కొనడానికి కామారెడ్డి వెళ్ళినప్పుడు నేనూ తోడు వెళ్ళాను. కొనుగోలు కమిటీలో నేనొక సభ్యుణ్ణి, మిగతా ఇద్దరికీ ఎండ పడదు. స్టేషన్ దగ్గర కలీమ్ భాయ్ దుకాణంలో క్రికెట్ బ్యాట్లు, షీల్డులు, గ్లోబులు, ల్యాబ్ సామాను అన్నీ దొరుకుతాయి. లిదియా వెళ్ళగానే ఒక స్టాండూ బకెట్ నీళ్ళూ అడిగింది. కలీమ్ ముందు రబ్బరు గొట్టం ఉన్న బ్యూరెట్లు చూపించాడు.

"ఇవి పల్గవు అక్కా. పిల్లలకు మంచిగుంటయి," అన్నాడు.

"పర్మాంగనేట్ రబ్బరును తింటది అన్నా. కాస్టిక్ సోడా పోసేటందుకైతె ఇవే మంచివి. మాకు గాజు నల్లాయే కావాలె," అంది లిదియా.

గాజువి నలభై తీయించింది. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసింది. ముక్కు చివర పెచ్చు లేచిందేమో గోరుతో తడిమింది. బిరడాను నాలుగుసార్లు తిప్పింది. తర్వాత నీళ్ళు నింపి, నల్లా మూసి, స్టాండుకు తగిలించి, ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది. నేను చాయ్ తాగాను. కలీమ్ చాయ్ తాగాడు. అవి కారతాయేమోనని ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. క్రికెట్ బ్యాటు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా కొనడం మానేసి మాతోపాటు చూశారు. నలభైలో పదహారు కారాయి. ఇరవై నాలుగు నిలిచాయి.

కలీమ్ చేతులెత్తి దండం పెట్టాడు. "అక్కా, మీరు పెండ్లి సంబంధం చూడవోతె ఊర్ల ఒక్క పిల్లగాడు మిగలడు," అన్నాడు.

ఆ ఇరవై నాలుగింటికీ లిదియా నంబర్లు వేసింది. ప్రతి బిరడానూ దాని గొట్టానికి బీడీ దారంతో కట్టింది. ఎర్ర దారం, పచ్చ దారం, కొన్నిటికి రెండూ పేని. చూడటానికి అన్ని బిరడాలూ ఒక్కలాగే ఉంటాయి గానీ, ప్రతిదాన్నీ దాని నల్లాలోనే అరగదీసి సరిచేస్తారట. ఒకదాని బిరడా ఇంకోదానికి పెడితే కారుతుంది. ఈ సంగతి ఆమె నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది. నేను వినే ఉంటాను.

పరీక్షకు ముందు రోజు లిదియా పొద్దున్నే కామారెడ్డి వెళ్ళింది. ఆమె హాల్‌టికెట్ మీద ఎవరో మీసాలాయన ఫొటో వచ్చింది, అది మార్పించుకోవాలి. ల్యాబులో కొత్త లెక్చరర్ చక్రధర్ ఉన్నాడు. చేరి నాలుగు నెలలైంది. కుర్రాడు మంచివాడు. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

"సంపత్ సార్, పాపం రేపు ఆమెకు పరీక్ష. ఇవ్వాళ ఆమె పని మనం చేద్దాం. ఈ దారాలు చూడండి, బీడీ కార్ఖానా లాగుంది. ఎగ్జామినర్ వస్తే ఏమనుకుంటాడు," అన్నాడు.

నాకూ ఆ మాట నిజమే అనిపించింది. లైబ్రరీకి వెళ్ళి నా కత్తెర తెచ్చాను. ఇరవై నాలుగు దారాలూ నేనే కత్తిరించాను. ఇద్దరం బిరడాలన్నీ పీకి ఒక టబ్బులో వేసి, సర్ఫు పోసి, తళతళలాడేలా కడిగాం. మధ్యలో ఒకటి చక్రధర్ చేతిలోంచి జారి సింకులో పడి రెండు ముక్కలైంది. అతను అటూ ఇటూ చూసి, బీరువాలో ఎప్పటిదో విరిగిన బ్యూరెట్ తాలూకు బిరడా తీసి టబ్బులో కలిపేశాడు. "అన్నీ ఒకటే సార్," అన్నాడు. నేను మెచ్చుకుంటూ తల ఊపాను.

నాలుగు గంటల బస్సుకు లిదియా దిగింది. చేతిలో ఆమె ఫొటోతోనే కొత్త హాల్‌టికెట్ ఉంది. నవ్వుకుంటూ ల్యాబులోకి వచ్చి టబ్బు చూసింది. అరిచినా బాగుండేది. హాల్‌టికెట్ జాగ్రత్తగా బ్యాగులో పెట్టుకుని అడిగింది.

"ఏ బిరడా దేనిదో గుర్తు వెట్టిండ్రా సార్?"

"అన్నీ ఒకటే కంపెనీ, ఒకటే సైజు కదమ్మా," అన్నాడు చక్రధర్.

"మన కాలేజి తాళంచెవులు గూడ ఒకటే సైజుంటయి సార్."

నేను కత్తెర వెనక్కి దాచుకున్నాను. ఆ రోజు సాయంత్రం ఆమె చివరిసారి పుస్తకం తిరగేసుకోవాల్సిన సాయంత్రం. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

లిదియా కొంగు బిగించి కూర్చుంది. ఒక బిరడా తీసుకుని, తుడిచి, నల్లాలో పెట్టి, కళ్ళు మూసుకుని తిప్పింది. తప్పుదైతే లోపల ఇసుక పడ్డట్టు గరగరమంటుందట. దానిదే అయితే చప్పుడుండదు. కొన్ని ఆమె వేళ్ళకు గుర్తే. "ఇది ఐదో నంబర్ది, జర మొండిది." "ఇది ఇరవై రెండుది, దీనికి అల్కటి చెయ్యి కావాలె." అలా గంటలో తొమ్మిది కుదిరాయి. మిగతావి ఒక్కొక్కటీ పెట్టి, తీసి, ఇంకోదానిలో పెట్టి చూసింది. కుదిరినవాటిలో మేమిద్దరం నీళ్ళు పోసి కారుతున్నాయేమో చూశాం. ఏడు కొట్టేసరికి ఇరవై మూడు కుదిరాయి. పదిహేడో నంబరు గొట్టం మిగిలింది, ఒక బిరడా మిగిలింది. ఆ రెంటికీ పొత్తు కుదరలేదు. ఎంత వాజిలిన్ రాసినా చాలాసేపటికి ఒక చుక్క కిందికి జారుతోంది.

"గిది మన బిరడానే గాదు," అంది లిదియా.

చక్రధర్ తల వంచుకుని సింకు సంగతి ఒప్పుకున్నాడు. వేరే బ్యూరెట్ లేదు. రేపు రాసేవాళ్ళు సరిగ్గా ఇరవై నలుగురు. లిదియా ఒక కాగితం ముక్క మీద 'ఖరాబ్' అని రాసి పదిహేడుకు అంటించింది. "ఎవరికొస్తదో పాపం," అని ఇంటికి పోయింది.

మర్నాడు ఎగ్జామినర్ నర్సింహులు సార్ పిట్లం నుంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో లెక్క తప్పు పట్టినట్టు ఉంటాడు. లిదియా అభ్యర్థి కాబట్టి ఆ రోజుకు అటెండర్ పని నాకు పడింది. అభ్యర్థుల జాబితా చూస్తూ సార్ లిదియా పేరు దగ్గర ఆగాడు.

"ఈమె ఇక్కడి అటెండరేనా? ద్రావణాలు ఎవరు కలిపిండ్రు?" అని అడిగాడు.

"ఆమెనే సార్. మొన్ననే కలిపి చేసి చూసింది. పద్దెనిమిది పాయింట్ ఆరు వచ్చింది," అన్నాడు చక్రధర్ మెల్లగా, గర్వంగా.

సార్ జాబితా పక్కన పెట్టాడు. కాసేపటికి చాయ్ కావాలన్నాడు. నేను కదిలేలోపే లిదియా లేచింది. చక్కెర తక్కువ వేయించడం సంపతన్నకు చాతకాదని ఆమె ఎన్నడో తేల్చేసింది. ఆమె బయటికి పోగానే చక్రధర్ బ్యూరెట్ నంబర్లున్న చీటీల డబ్బా తీశాడు. నర్సింహులు సార్ కొలజాడీ పట్టుకుని తాగేనీళ్ళ కుండ దగ్గరికి, అక్కణ్ణుంచి పర్మాంగనేట్ సీసా ఉన్న మూలకు నడిచాడు. చేతులు కడుక్కుంటున్నాడేమో అనుకుని నేను పట్టించుకోలేదు.

చీటీల మీద నా కళ్ళున్నాయి. మొదట పదిహేడు ఒక మీసాలాయనకు వచ్చింది. ఆయన స్టాండు మీద 'ఖరాబ్' అన్న కాగితం చూసి, చీటీ మళ్ళీ మడిచి డబ్బాలో వేసి ఇంకోటి తీశాడు. తర్వాత ఒక పోలీసు కానిస్టేబుల్‌కు వచ్చింది. చట్టం తెలిసినవాడు కనక ఇంకా వేగంగా వెనక్కి వేశాడు. మూడోసారి షగుఫ్తాకు వచ్చింది. పెళ్ళయి, పదేళ్ళు చదువు మానేసి, మళ్ళీ పరీక్షలకు కూర్చున్న అమ్మాయి. చీటీ చూడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చక్రధర్ అటు తిరిగి దగ్గాడు. ఆమె కూడా వెనక్కి వేసింది. లిదియా చాయ్ గ్లాసుతో తిరిగి వచ్చేసరికి డబ్బాలో ఒకటే చీటీ ఉంది.

ఆమె చీటీ విప్పి చూసుకుంది. తర్వాత గదంతా ఒకసారి చూసింది. ఇరవై ముగ్గురూ తమ తమ బ్యూరెట్లను ఎంతో భక్తిగా చూసుకుంటున్నారు.

పరీక్ష మొదలైంది. ఇక్కడ నా రెండో పాపం. ప్రాక్టికల్ పరీక్షల్లో ఒక అలవాటుంది. ఎంత రావాలో ఆ విలువను అటెండర్ మెల్లగా ఎవరో ఒకరి చెవిలో వేస్తాడు. పంతొమ్మిదేళ్ళలో లిదియా ఒక్కరికీ చెప్పలేదు, అందుకు పిల్లలకు ఆమెపై కోపం. ఆ రోజు అటెండర్ని నేను. షగుఫ్తా నల్లా ఎటు తిప్పాలో తెలియక చూస్తోంది. నాకు జాలేసింది. డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నట్టు వంగి, "పద్దెనిమిది దాటినంక జాగ్రత్తమ్మా. పాయింట్ ఆరు," అన్నాను. పది నిమిషాల్లో, ఒక్కరి నోరూ కదలని ఆ గదిలో, ఇరవై ముగ్గురికీ ఆ సంగతి తెలిసిపోయింది. ఎలాగో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

లిదియా పక్క బల్ల షగుఫ్తాదే. ద్రావణం ఎవరు కలిపారో ఆమెకు తెలియదు. మెల్లగా గొణిగింది.

"అక్కా, పద్దెనిమిది పాయింట్ ఆరు అంట."

"నీ బ్యూరెట్ ఎంత అంటున్నది?" అంది లిదియా.

"అది ఇరవై మీద అంటున్నది."

"మరి గదే రాయి."

"అందరు గది రాస్తలేరు అక్కా," అని షగుఫ్తా పద్దెనిమిది పాయింట్ ఆరు రాసుకుంది.

లిదియా నవ్వింది. తర్వాత తన బ్యూరెట్ చూసుకుంది, ఆ నవ్వు ఆగిపోయింది. పదిహేడో నంబరు కూడా ఇరవై పాయింట్ నాలుగు చూపిస్తోంది. రెండోసారి చేసింది. ఇరవై పాయింట్ నాలుగు. తాను కలిపిన ద్రావణం, మొన్న తన కళ్ళతో చూసిన పద్దెనిమిది పాయింట్ ఆరు, ఇవ్వాళ కారే బ్యూరెట్. ఇరవై ఏడేళ్ళ కింద ఎక్కడ తప్పిందో సరిగ్గా మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది. ఆమె మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది. ఆ దారాలు కత్తిరించిన చేతులు నావే.

నేను ఆగలేకపోయాను. నీళ్ళ సీసా పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను.

"లిదియా, అది ఖరాబ్ బ్యూరెట్. పద్దెనిమిది పాయింట్ ఆరని నువ్వే చూసినవ్ గద. గదే రాయి. జూన్‌ల పోస్టు ఉన్నది," అన్నాను.

"మొన్న చూసిన అన్నా. ఇయ్యాల గిట్ల సూపిస్తున్నది," అంది. "జర జరుగు, గడియారం కనపడ్తలేదు."

పదిహేడు నిండా పర్మాంగనేట్ నింపింది. నల్లా మూసింది. గీత చూసుకుంది. చేతులు కట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. పక్కవాళ్ళంతా గబగబా లెక్కలు రాస్తుంటే, ఆ రోజు కలీమ్ దుకాణంలో స్టూలు మీద కూర్చున్నట్టే కూర్చుంది. నర్సింహులు సార్ కూడా కాగితాలు పక్కన పెట్టి ఆమెను చూడసాగాడు. సరిగ్గా ఐదు నిమిషాలకు రెండు చుక్కలు బిరడా పక్కనుంచి బల్ల మీదికి జారాయి. లేచి గీత చూసింది. పాయింట్ ఒకటి. ఒక్కసారి చేయడానికి పట్టే సమయం కూడా ఐదు నిమిషాలే. కారింది కొంచెమే. మిగిలిన తేడా బ్యూరెట్‌ది కాదు.

మూడోసారి చేసింది. ఇరవై పాయింట్ నాలుగు. కలం తీసి గబగబా రాసేసి, కాగితం ఇచ్చి, బయట వరండాలో కూర్చుంది.

నర్సింహులు సార్ కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. పద్దెనిమిది పాయింట్ ఆరు. పద్దెనిమిది పాయింట్ ఆరు. ఒకాయన అనుమానం రాకుండా పద్దెనిమిది పాయింట్ ఐదు రాశాడు. కానిస్టేబుల్ సరిగా వినబడక పదహారు పాయింట్ ఎనిమిది రాశాడు. చివరి కాగితం దగ్గర సార్ ఆగి, లిదియాను లోపలికి పిలిపించాడు. ఇరవై ముగ్గురూ చూస్తున్నారు.

"ద్రావణం నువ్వే కలిపినవ్. పద్దెనిమిది పాయింట్ ఆరని నీకు తెలుసు. మరి ఇరవై పాయింట్ మూడు ఎందుకు రాసినవ్?"

"కలిపింది నేనే సార్. ఇయ్యాల చూసింది గూడ నేనే. చూసింది రాసిన," అంది లిదియా. "ఇరవై పాయింట్ నాలుగొచ్చింది. బ్యూరెట్ పాయింట్ ఒకటి కారుతది. గది తీసేసిన. కింద రాసిన సార్."

సార్ గట్టిగా చదివాడు. "పదిహేడో నంబరు బ్యూరెట్ ఖరాబ్. దీనిని మళ్ళ పరీక్షల పెట్టొద్దు." అభ్యర్థి జవాబు పత్రం మీద పరీక్షకుడికి ఆర్డరు వేయడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి అయి ఉంటుంది. "బ్యూరెట్ మీద నమ్మకం లేదంటివి. మరి దాని లెక్క ఎట్ల నమ్మినవ్?" అని అడిగాడు.

"ఎంత కారుతదో తెలిస్తె సాలు సార్. తెల్వకుంట కారెటోళ్ళతోనే పరేషాన్," అంటూ నా వైపు చూసింది.

నేను పావురం కోసమన్నట్టు తలుపు సందులోంచి లైబ్రరీ వెంటిలేటర్ వైపు చూశాను.

సార్ కుర్చీలో వెనక్కి వాలాడు. "పొద్దున ఆ రెండున్నర లీటర్ల సీసాల రెండువందల ఇరవై అయిదు మిల్లీలీటర్ల నీళ్ళు కలిపిన. ద్రావణం కలిపిన మనిషే పరీక్ష రాస్తుంటె ఇంకేం చెయ్యాలె. నా లెక్కన రావాల్సింది ఇరవై పాయింట్ మూడు," అన్నాడు.

లిదియా మొహంలో సంతోషం వస్తుందని నేను ఎదురుచూశాను. వచ్చింది కోపం.

"ఏ నీళ్ళు సార్?"

"గా కుండల నీళ్ళు."

"గవి తాగే నీళ్ళు. డిస్టిల్డ్ వాటర్ పక్కకే ఉన్నది, మీద పేరు గూడ రాసి పెట్టిన. పర్మాంగనేట్ల కుండ నీళ్ళు పోస్తరా ఎవరన్న?"

నర్సింహులు సార్ ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. చక్రధర్ మళ్ళీ దగ్గాడు.

తర్వాత సార్ ఆ ఇరవై మూడు కాగితాలనూ చింపేసి, కొత్తవి ఇచ్చి, మళ్ళీ చేయమన్నాడు. "ఈసారి కండ్లతోని చెయ్యున్రి," అన్నాడు. ఫ్లాస్కులు కడగాలి. నేను లేచాను గానీ నన్నెవరూ నమ్మలేదు. లిదియానే కొంగు బిగించింది. తన పరీక్ష అయిపోయింది కనక మళ్ళీ అటెండర్. ఫ్లాస్కులన్నీ కడిగి, బల్లబల్లకూ తిరిగి, షగుఫ్తా వెనక నిలబడి ఆమె ఎడమ చెయ్యి పట్టి నల్లా చుట్టూ పెట్టింది. "గట్ల ఒత్తిపట్టు. అది ఏం చెప్తె గది రాయి. భయపడకు," అంది. ఇరవై ఏడేళ్ళ కింద కామారెడ్డిలో ఆమె వెనక నిలబడి ఆ మాట అన్నవాళ్ళు లేరు. నాకు కళ్ళు మండాయి, ల్యాబు గదా అనుకున్నాను. షగుఫ్తాకు ఇరవై పాయింట్ రెండు వచ్చింది. కానిస్టేబుల్‌కు బీట్‌రూట్ వచ్చింది.

జూన్‌లో లిదియా ల్యాబ్ అసిస్టెంట్ అయింది. రిజిస్టర్లో మొదటి సంతకం పెట్టిన రోజు నేరుగా లైబ్రరీకి వచ్చి, ఏడాదిన్నరగా తన దగ్గరున్న కెమిస్ట్రీ పుస్తకం తిరిగిచ్చి, నా బల్ల మీది కత్తెర తీసుకుపోయింది. అది ఇప్పటికీ ఆమె బీరువాలోనే ఉంది. కాగితం కత్తిరించాలంటే నేను తలుపు తోసుకుని వెళ్ళి అడగాలి, ఆమె ముందు నిలబడి కత్తిరించుకోవాలి.

మొన్న అలాగే వెళ్ళాను. ఇరవై మూడు బ్యూరెట్లకూ కొత్త బీడీ దారాలున్నాయి. చక్రధర్ స్వయంగా లింగంపేట వెళ్ళి తెచ్చాడట. పదిహేడో నంబరు మాత్రం ఆమె సొంత బల్ల మీద స్టాండుకు ఉంది. పరీక్షలకు పెట్టదు, పారేయనూ పారేయదు. ఖరాబ్ అన్న చీటీ తీసేసి, దాని చోట ఇంకోటి అంటించింది. గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది.

'ఐదు నిమిషాలకు 0.1 తీసెయ్యాలె. మిగిలిందంత నిజమే.'